చర్చే కాగితాలు తెరిచి, చర్చే అచ్చేసిన మోర్మన్ చరిత్రను ఎంతవరకు నమ్మొచ్చు?

సాల్ట్‌లేక్_సుబ్బు
నేను మోర్మన్‌ని కాదు. ఉద్యోగం పుణ్యమా అని ఆరేళ్ళుగా యూటాలో, ఆ సంఘానికి కేంద్రమైన సాల్ట్‌లేక్ పక్కన ఉంటున్నా, చుట్టుపక్కల ఇళ్ళన్నీ వాళ్ళవే. మా ఆవిడ పిన్ని కూతురు రాజమండ్రిలో బాప్తిస్మం తీసుకుని ఆ సంఘంలోనే ఉంది. మొన్న సెలవులకి మా ఇంటికొచ్చి, నా బల్ల మీద రిచర్డ్ బుష్‌మన్ 2005లో రాసిన, ఆ సంఘం స్థాపకుడు జోసెఫ్ స్మిత్ జీవిత చరిత్ర చూసి మొహం మాడ్చుకుంది. "బావగారూ, ఇవన్నీ మా సంఘం అంటే గిట్టనివాళ్ళు రాసేవి" అంది. బుష్‌మన్ కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసరే కాదమ్మా, మీ సంఘంలో పేట్రియార్క్ (ఆశీర్వాదాలిచ్చే పెద్ద) కూడా అంటే నమ్మలేదు.

అదే పుస్తకం గురించి ఆఫీసులో ఒకాయన, సంఘం వదిలేసినవాడు, "లోపలివాడు కదా, ఎంతైనా తప్పులు కప్పిపుచ్చే రాస్తాడు" అన్నాడు. ఒకటే పుస్తకం, అటువాళ్ళకీ కిట్టలేదు, ఇటువాళ్ళకీ కిట్టలేదు.

నా సందేహం ఏంటంటే, 1993లో చరిత్రకారుల్ని వెలివేసింది ఈ సంఘమే. 2008 నుంచి 2023 దాకా జోసెఫ్ స్మిత్ కాగితాలన్నీ 27 సంపుటాలుగా అచ్చేసిందీ ఈ సంఘమే. ఈ రెండూ ఎలా పొసగుతాయి? సొంత చరిత్రను సొంత ఖర్చుతో రాయించుకుంటే దాన్ని చదువు అనాలా, ప్రచారం అనాలా?

నిమ్మకాయసోడా
27 సంపుటాలు పూర్తి చేసేలోపు నీకు గ్రీన్ కార్డు వచ్చేస్తుంది సుబ్బన్నా. ఆగాగు, ఇండియా క్యూ కదూ. ఇంకోసారి చదువుకునే టైం కూడా ఉంటుంది.

ఊరకే_చదివేవాడు
మోర్మన్లంటే ఇద్దరు ముగ్గురు పెళ్ళాలు ఉండేవాళ్ళే కదా? ఇప్పటికీ ఉన్నారా?

విశాఖ_ఎల్డర్
నేను ఆ సంఘం సభ్యుణ్ణే, రెండేళ్ళు మిషన్ (మత ప్రచార సేవ) కూడా చేశాను. బహుభార్యత్వం 1890లో ఆపేశారు. ఇప్పుడు ఎవరైనా చేస్తే బహిష్కరణే. ఇంకో మాట, 2018లో అప్పటి మా ప్రవక్త (సంఘం అధ్యక్షుణ్ణి అలాగే అంటాం) నెల్సన్ గారు "మోర్మన్" అన్న పేరు వాడొద్దని చెప్పారు. యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం అనాలి.

నిమ్మకాయసోడా
బ్రదర్, అంత పేరు టైప్ చేసేలోపు థ్రెడ్ లాక్ అయిపోతుంది.

పాతకాగితాలు
"1890లో ఆపేశారు" అన్న ఆ ఒక్క ముక్క దగ్గరే ఉంది సుబ్బు గారి ప్రశ్నకి సగం జవాబు. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక లేనివాళ్ళు దాటేయండి.

1890లో ప్రవక్త విల్ఫర్డ్ ఉడ్రఫ్ ప్రకటన ఇచ్చిన మాట నిజం. ఆ తర్వాత కూడా, 1904 దాకా, సంఘ పెద్దలకి తెలిసే కొన్ని పెళ్ళిళ్ళు జరిగాయి. దాన్ని పేర్లతో, తేదీలతో 1985లో బయటపెట్టినవాడు డి. మైకేల్ క్విన్. బయటివాడేం కాదు. సంఘం విశ్వవిద్యాలయమైన బ్రిగమ్ యంగ్‌లోనే పాఠాలు చెప్పేవాడు, విశ్వాసి. ఆ వ్యాసం అచ్చైన మూడేళ్ళకే ఉద్యోగం వదులుకున్నాడు. 1993 సెప్టెంబరులో వెలివేశారు. ఆ నెలలో క్రమశిక్షణ చర్యకి గురైనవాళ్ళు ఆరుగురు, అందుకే వాళ్ళకి "సెప్టెంబర్ సిక్స్" అని పేరు.

ఇక్కడ గమనించాల్సింది ఆ కాగితాలు క్విన్‌కి ఎక్కడ దొరికాయన్నది. దొంగతనం చేయలేదు. సంఘం చరిత్ర విభాగంలో పనిచేసిన రోజుల్లో సంఘమే చూడనిచ్చింది. చూడనిచ్చిన మనిషి పేరు లెనర్డ్ ఆరింగ్టన్.

ఆరింగ్టన్ ఐడహోలో ట్విన్ ఫాల్స్ దగ్గర రైతు కుటుంబంలో పుట్టాడు, కుర్రతనంలో కోళ్ళు పెంచాడు. తర్వాత ఎకనామిక్స్ ప్రొఫెసర్. 1972లో అతన్ని అధికారిక సంఘ చరిత్రకారుడిగా పెట్టారు. అంతకుముందు దాకా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు చరిత్ర చదువుకున్న పండితులు కారు, సంఘ పెద్దలు. ఈయన వస్తూనే బీరువాలు తెరిచాడు, కుర్రాళ్ళని పనిలో పెట్టాడు, సంఘానికి 150 ఏళ్ళు నిండే 1980 నాటికి 16 సంపుటాల చరిత్ర రాయిద్దామన్నాడు.

నాలుగేళ్ళు బాగానే నడిచింది. 1976లో ఆ విభాగం నుంచి ఒక్క సంపుటం చరిత్ర వచ్చేసరికి కొందరు అపొస్తలులకి (సంఘాన్ని నడిపే పై పెద్దలు) నచ్చలేదు. దైవలీల అనాల్సిన చోట కరువు, అప్పులు, రాజకీయాలు అని రాస్తారేంటన్నది వాళ్ళ బాధ. పునర్ముద్రణ ఆగిపోయింది. 16 సంపుటాల పథకం రద్దు. విభాగాన్ని మెల్లగా విశ్వవిద్యాలయానికి తరలించారు. 1982లో ఆరింగ్టన్ని చడీచప్పుడు లేకుండా తప్పించారు. పాము చావలేదు, కర్ర విరగలేదు.

1981లో బోయిడ్ ప్యాకర్ అనే అపొస్తలుడు సంఘం ఉపాధ్యాయుల సభలో ఒక ప్రసంగం చేశాడు. నిజమైనవన్నీ అంత ఉపయోగపడేవి కావు, విశ్వాసం పెంచని సంగతి తవ్వి ఏం లాభం అన్న ధోరణిలో. అక్కడి చరిత్రకారులకి ఆ మాట ఇప్పటికీ ములుకే.

సాల్ట్‌లేక్_సుబ్బు
అంటే బుష్‌మన్ కూడా ఆ 16 మందిలో ఒకడా?

పాతకాగితాలు
అవును. ఆయనకి మొదటి సంపుటం అప్పజెప్పారు. పథకం రద్దయ్యాక 1984లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా వేసుకున్నాడు. మిగతావాళ్ళలో కొందరిదీ ఇదే దారి. నీ బల్ల మీదున్న పుస్తకం ఆ పనికి మనవడన్నమాట.

ఓరుగల్లోడు
ఎవ్వని ఉప్పు తింటే వానికే వంత పాడుడు. ఇండ్ల ఏం కొత్త ముచ్చట ఉన్నది? సంఘం పైసలిచ్చి రాయించింది సంఘం బాకానే ఊదుతది. 27 కాదు 270 సంపుటాలు ఏసినా గంతే.

విశాఖ_ఎల్డర్
అన్నా, ఆ 27లో వాళ్ళు సొంత కవిత్వం ఏం రాయలేదు. స్మిత్ ఉత్తరాలు, డైరీలు, సభల మినిట్స్ ఉన్నవున్నట్టు, కొట్టివేతలతో సహా అచ్చేశారు. స్మిత్ పెట్టిన రహస్య సభ, 1844 నాటి కౌన్సిల్ ఆఫ్ ఫిఫ్టీ మినిట్స్ బయటివాళ్ళు ఎన్నో ఏళ్ళు అడిగినవే. 2016లో మొత్తం వేసేశారు. అందులో స్మిత్‌ని రాజుగా అనుకున్న సంగతులూ ఉన్నాయి. దాచుకునేవాళ్ళు అది వేస్తారా?

ఓరుగల్లోడు
170 ఏండ్లైనంక ఏసుడు ఏం గొప్ప? అండ్ల ఉన్నోళ్ళందరు పోయినంక భయమేంది?

నిమ్మకాయసోడా
ఓరుగల్లోడి అన్నకి ఒక్క లైకు. మా తాత అప్పుల పద్దు పుస్తకం కూడా అలాగే ఇచ్చారు, బాకీదారులందరూ పోయాక.

లోగాన్_లక్ష్మి
నేను ఇదే లోగాన్‌లో యూటా స్టేట్ యూనివర్సిటీలో చదువుతున్నా. నా సబ్జెక్ట్ నీటిపారుదల, చరిత్ర కాదు. కానీ ఒక పేపరు కోసం మా లైబ్రరీ కింద అంతస్తులోని పాత దస్తావేజుల గదికి వెళ్తుంటా. పాతకాగితాలు గారు చెప్పిన ఆరింగ్టన్ గారి పెట్టెలన్నీ అక్కడే ఉన్నాయి. యూటా కాలవల చరిత్ర రాయాలన్నా ఆయన 1958 పుస్తకం ముట్టుకోక తప్పదు. ఎడారిలో నీళ్ళు ఎలా పంచుకున్నారో అంత వివరంగా రాసినవాళ్ళు ముందు లేరు.

ఆయన 1999లో పోయారు. పోయేముందే తన కాగితాలన్నీ సంఘానికి కాకుండా మా యూనివర్సిటీకి ఇచ్చేశారు. ఎందుకిచ్చారో పై పోస్టు చదివాక వేరే చెప్పక్కర్లేదు. 2001లో పరిశోధకుల కోసం తెరిచిన కొద్ది రోజులకే సంఘం లాయర్లు వచ్చి, ఇందులో చాలావరకు మావే, ఆయన మా ఉద్యోగిగా ఉన్నప్పుడు తీసుకున్న నకళ్ళు అన్నారు. పెద్ద గొడవ. ఆ నవంబరుకి రాజీ కుదిరి కొంత భాగం, ముఖ్యంగా అపొస్తలుల సభల మినిట్స్‌లాంటివి, వెనక్కి వెళ్ళాయి. మిగతా అంతా ఇక్కడే ఉంది. ఎవరైనా వచ్చి అడగొచ్చు.

అక్కడ బ్యాగ్ బయట లాకర్లో పెట్టాలి, పెన్ను ఉండకూడదు, పెన్సిల్ ఇస్తారు. ఒక ఫోల్డర్ మూస్తే కానీ ఇంకోటి ఇవ్వరు. నేను చూసిన ఫోల్డర్‌లో కార్బన్ కాపీలు ఉల్లిపొరలా ఉన్నాయి, ఊపిరి గట్టిగా వదిలితే లేస్తాయి. ఇలాంటి వాటి కోసమా లాయర్లు వచ్చారు అనిపించింది ఆరోజు.

గోదారిగట్టు
లక్ష్మి గారి పోస్ట్ చదివాక మా నాన్న గుర్తొచ్చారు. మాది మోర్మన్ కాదు, వేరే సంఘం, ఊరు పేరు వద్దులెండి. మా ఊరి మందిరానికి నూరేళ్ళు నిండినప్పుడు సంచిక రాయమని స్కూలు మేష్టారు కదా అని నాన్నకి అప్పజెప్పారు. మినిట్స్ పుస్తకాలు కోశాధికారి ఇంట్లో బీరువాలో ఉండేవి. తాళంచెవి ఆయన మొలతాడుకి. ఆదివారం ఆరాధనయ్యాక రెండు గంటలు తీసేవారు, నాన్న అక్కడే అరుగు మీద కూర్చుని నకలు రాసుకునేవారు. నేను పక్కన పంపర పనస తొనలు వొలిచి పెట్టేదాన్ని.

ఒక ఏడాది సంఘం రెండుగా చీలింది, కులం గొడవ. ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఎవరు ముందు తీసుకోవాలన్న దగ్గర మొదలైంది. నాన్న అది నాలుగు పేజీలు రాశారు, ఎవర్నీ తిట్టకుండా. సంచిక అచ్చై వచ్చాక చూస్తే ఆ నాలుగు పేజీల్లేవు. "ఆ సంవత్సరం ప్రభువు సంఘమును బహుగా ఆశీర్వదించెను" అని ఒక్క వాక్యం ఉంది. నాన్న ఎవర్నీ ఏమీ అనలేదు. కానీ ఆ వాక్యం కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీశారు. ఆ ప్రతి ఇంకా నా దగ్గరుంది.

నిమ్మకాయసోడా
అక్కా, దీనికి నా దగ్గర జోకు లేదు.

ఊరకే_చదివేవాడు
మరి ఆ పెద్దలంత భయపడటానికి ఏదో ఒక ఎదురుదెబ్బ తగిలే ఉంటుంది కదా? ఊరికే ఎవరు తలుపులు మూస్తారు?

పాతకాగితాలు
తగిలింది. మార్క్ హాఫ్‌మన్ అని ఒకడు. 1980 నుంచి పాత మోర్మన్ ఉత్తరాలు "కనిపెట్టి" అమ్మేవాడు. సంఘమూ కొంది, సంపన్న సభ్యులు కొని సంఘానికి దానం ఇచ్చారు. అన్నిటికన్నా పేరు మోసింది సాలమాండర్ ఉత్తరం. స్మిత్‌కి, మోర్మన్ గ్రంథానికి మూలమని చెప్పే బంగారు రేకుల దగ్గర దేవదూత కాకుండా తెల్ల సాలమాండర్ (బల్లిలాంటి జీవి) కనిపించిందని అందులో ఉంటుంది. చరిత్రకారులూ నమ్మారు, పెద్దలూ కంగారు పడ్డారు. గుట్టు బయటపడే సమయానికి 1985 అక్టోబరు 15న సాల్ట్‌లేక్‌లో బాంబులు పెట్టి ఇద్దర్ని చంపేశాడు. మర్నాడు వాడి కారులోనే ఇంకో బాంబు పేలి వాడూ గాయపడ్డాడు.

పట్టించింది సిరా. పాతబడినట్టు కనిపించాలని రసాయనాలు వాడటంతో మైక్రోస్కోపు కింద సిరా మీద మొసలి చర్మంలా పగుళ్ళు కనిపించాయి. నిజంగా పాత సిరా అలా పగలదు. 1987లో నేరం ఒప్పుకున్నాడు, యావజ్జీవం.

ఆ దెబ్బకి తాళాలు ఇంకా బిగుసుకున్నాయి. అదే 1985లో క్విన్ వ్యాసం. పెద్దల కంటికి అన్నీ ఒకే తాను ముక్కల్లా కనిపించి ఉంటాయి. 1993 మే నెలలో ప్యాకర్ సంఘానికి ముప్పు తెచ్చేవి మూడు అని లెక్క చెప్పాడు. స్వలింగ సంపర్కుల ఉద్యమం, స్త్రీవాదం, పండితులమని చెప్పుకునేవాళ్ళు. సెప్టెంబరు ఎంతో దూరం లేదు.

సాల్ట్‌లేక్_సుబ్బు
అంటే ఆ ఉత్తరాలు దొంగవని కనిపెట్టలేకపోయింది చరిత్రకారులూ, దాచుకోవాలని చూసింది పెద్దలూ. ఇద్దరికీ మొట్టికాయ పడాల్సిందే.

ఓరుగల్లోడు
బాంబులు ఏసినోడు ఒక్కడు, శిక్ష పడ్డది రాసేటోళ్ళందరికి. మస్తు న్యాయం.

విశాఖ_ఎల్డర్
అన్నీ ఒకవైపే చెప్తున్నారు, నన్నూ ఒకసారి పొడుగ్గా రాయనివ్వండి.

నేను మిషన్‌లో ఉండగా బెంగళూరులో ఒక కాలేజీ అమ్మాయి అడిగింది: "1978 వరకు నల్లజాతి మగవాళ్ళకి మీ యాజకత్వం ఇచ్చేవారు కాదట, నిజమేనా?" నేను నల్లగా ఉంటాను, పక్కన ఉన్న తోటి ఎల్డర్ (మిషనరీ) ఘనావాడు. మాకిద్దరికీ మాట రాలేదు. ఆ రాత్రి సంఘం వెబ్‌సైట్‌లో వెతికితే 2013 డిసెంబరులో పెట్టిన వ్యాసం కనిపించింది. స్మిత్ కాలంలో కొందరు నల్లవాళ్ళకి యాజకత్వం ఇచ్చారని, 1852లో, స్మిత్ తర్వాత సంఘాన్ని నడిపిన బ్రిగమ్ యంగ్ కాలంలో ఆంక్ష మొదలైందని, అప్పట్లో చెప్పిన కారణాలన్నిటినీ ఇప్పుడు సంఘం తోసిపుచ్చుతోందని అందులో ఉంది. మర్నాడు ఆ వ్యాసమే ఆ అమ్మాయికి చూపించాం. ఆమె సంఘంలో చేరలేదు. కానీ మాకు టీ ఇవ్వబోయి, మేం తాగమని గుర్తొచ్చి, నిమ్మరసం ఇచ్చింది.

నేను చెప్పేదేంటంటే, సంఘం మారింది. 2007లో మౌంటెన్ మెడోస్ ఊచకోత జరిగి 150 ఏళ్ళైనప్పుడు పెద్దలు అక్కడికే వెళ్ళి విచారం వ్యక్తం చేశారు. మరుసటి ఏడాది సంఘం చరిత్రకారులే దాని మీద ఆక్స్‌ఫర్డ్ ద్వారా పుస్తకం వేశారు. క్విన్ గారి విషయంలో నాకూ బాధగానే ఉంది. కానీ క్రమశిక్షణ సభల్లో ఏం జరిగిందో సంఘం బయట చెప్పదు, ఒకవైపు కథే మనకి వినిపిస్తుంది. ఇప్పటి వాళ్ళని అప్పటి లెక్కతో కొట్టకండి.

ఊరకే_చదివేవాడు
మౌంటెన్ మెడోస్ అంటే?

లోగాన్_లక్ష్మి
1857 సెప్టెంబరు 11. కాలిఫోర్నియా వెళ్తున్న బళ్ళవాళ్ళని దక్షిణ యూటాలో మోర్మన్ మిలీషియా నమ్మించి చంపింది, సుమారు 120 మందిని. చిన్న పిల్లల్ని మాత్రం వదిలారు. ఒక్క జాన్ డి. లీకి మాత్రం శిక్ష పడింది, 1877లో కాల్చారు. దీని మీద మొదట నిజాయితీగా పుస్తకం రాసింది హువానిటా బ్రూక్స్ అనే ఆవిడ, 1950లో. దక్షిణ యూటాలో ఇల్లాలు, టీచరు, సంఘంలో గట్టి మనిషి. వెలివేయలేదు కానీ చాలా ఏళ్ళు పక్కన పెట్టినట్టే చూశారు.

1945లో స్మిత్ జీవితం రాసిన ఫాన్ బ్రోడీని మాత్రం మరుసటి ఏడాదే వెలివేశారు. తర్వాతి కాలంలో ప్రవక్త అయిన డేవిడ్ మెకే గారి తమ్ముడి కూతురే ఆవిడ.

నిమ్మకాయసోడా
పెదనాన్న పలుకుబడి చాలు అనుకుంటే అక్కడా పని జరగలేదన్నమాట.

పాతకాగితాలు
విశాఖ ఎల్డర్ గారూ, మీ వ్యాసం సంగతి బాగా ఎత్తారు. కోపగించుకోకండి, దాని వెనక ఒక కథ ఉంది. 1852లో బ్రిగమ్ యంగ్ దగ్గర మొదలైంది, స్మిత్ దగ్గర కాదు అన్న సంగతిని కాగితాలు వరసపెట్టి చూపించినవాడు లెస్టర్ బుష్. చరిత్రకారుడు కాడు, వైద్యుడు. 1973లో "డైలాగ్" పత్రికలో రాశాడు. ఆ పత్రిక 1966లో స్టాన్‌ఫర్డ్ దగ్గర కొందరు మోర్మన్ యువకులు సొంతంగా పెట్టుకున్నది, సంఘానిది కాదు. అచ్చు వేయొద్దని అతని మీద ఒత్తిడి వచ్చింది. 40 ఏళ్ళ తర్వాత మీ వెబ్‌సైట్‌లో మీరు చదివింది చాలావరకు ఆ వాదనే.

కాబట్టి సంఘం మారింది అన్న మాట నేను ఒప్పుకుంటాను. మార్చినవాళ్ళెవరు, వాళ్ళకేం దక్కింది అన్నది కూడా పక్కన రాయాలంటాను. అంతే.

విశాఖ_ఎల్డర్
ఇది నాకు తెలియదు. చదువుతాను.

ఓరుగల్లోడు
లక్ష్మక్కా, మీ యూనివర్సిటీల ఆరింగ్టన్ పేరు మీద ప్రొఫెసర్ కుర్సీ పెట్టిన్రు కదా, దానికి పైసలెవలియి? గది చెప్పు ముందుగాల.

లోగాన్_లక్ష్మి
దాతలవి. సంఘం నేరుగా ఇచ్చినవి కావు. కాలిఫోర్నియాలో క్లేర్‌మాంట్‌లో 2008లో బుష్‌మన్ గారు మొదట కూర్చున్న పీఠమూ, వర్జీనియా యూనివర్సిటీలో ఆయన పేరు మీదున్న పీఠమూ అంతే. ఎవర్ని తీసుకోవాలో యూనివర్సిటీ నిర్ణయిస్తుంది. దాతల్లో ఎక్కువమంది ఆ సంఘంవాళ్ళే, నిజమే. దాని ప్రభావం లేదని నేననను. వెలివేశాక క్విన్ గారికి మళ్ళీ ఎక్కడా శాశ్వత ఉద్యోగం దొరకలేదు. దాతలు నొచ్చుకుంటారన్న జంకు కూడా ఒక కారణమని అప్పట్లో పత్రికలు రాశాయి.

కానీ అన్నా, క్లాసులో కూర్చున్న పిల్లల్ని చూస్తే లెక్క మారుతుంది. నా రూమ్మేట్ ఆ కోర్సు తీసుకుంది. సగం మంది సభ్యులు, నలుగురు వదిలేసినవాళ్ళు, ఒక బాప్టిస్టు అబ్బాయి, ఒక ఇరాన్ అమ్మాయి. పరీక్షలో నీ విశ్వాసం ఏంటని ఎవరూ అడగరు, నీ ఆధారం ఏంటంటారు.

ఓరుగల్లోడు
సగం ఒప్పుకుంట. సగమే.

నిమ్మకాయసోడా
టోపీలో రాయి సంగతి ఎవరూ ఎత్తరేంటి? దాని కోసమే కూర్చున్నా ఇంతసేపు.

మోడరేటర్_2
చర్చ బాగుంది, ఇలాగే ఉంచండి. ఎవరి నమ్మకాన్నీ వెక్కిరించొద్దు. సోడా గారూ, ముఖ్యంగా మీరు.

పాతకాగితాలు
వెక్కిరింపు కాదు, అది చరిత్రే. మోర్మన్ గ్రంథం చెప్పి రాయించేటప్పుడు స్మిత్ ఒక రాయిని టోపీలో పెట్టి, వెలుగు రాకుండా మొహం టోపీలో ఆనించుకునేవాడని చుట్టూ ఉన్నవాళ్ళే రాసి పెట్టారు. సంఘం బొమ్మల్లో మాత్రం ఎన్నో ఏళ్ళు రేకులు ఎదురుగా పెట్టుకుని చదువుతున్నట్టే వేసేవారు. 2015లో సంఘమే ఆ రాయి ఫోటోలు అచ్చేసింది. గోధుమరంగు, కోడిగుడ్డంత ఉంటుంది, చారలతో. దాని తోలు సంచీతో సహా.

నిమ్మకాయసోడా
నేనేం అనలేదు మోడరేటర్ గారూ. మా అమ్మమ్మ కూడా సాలగ్రామాన్ని సంచీలోనే ఉంచేది.

గోదారిగట్టు
సెప్టెంబర్ సిక్స్‌లో లవీనా ఫీల్డింగ్ ఆండర్సన్ అని ఒకావిడ ఉన్నారు. రాసేవాళ్ళ మీద సంఘ పెద్దల వేధింపుల్ని తేదీల వారీగా రాసినందుకు వెలివేశారు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళ దాకా వెలిపడ్డ మనిషిగానే, ప్రతి ఆదివారం అదే మందిరానికి వెళ్ళి కూర్చున్నారట. బల్ల తీసుకోకూడదు, ప్రార్థన చేయమని అడగరు. 2019లో తిరిగి బాప్తిస్మం ఇవ్వమంటే పై పెద్దలు కుదరదన్నారు. 2023లో పోయారు.

మా నాన్న కూడా ఆ సంచిక తర్వాత ఒక్క ఆదివారం మానలేదు. ఆవిడ గురించి చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

సాల్ట్‌లేక్_సుబ్బు
జవాబులన్నీ చదివి మూడు రోజులైంది. నిన్న సంఘం వాళ్ళ చరిత్ర లైబ్రరీకి వెళ్ళొచ్చా, ఊరి మధ్యలోనే ఉంది, 2009లో కట్టిన భవనం. ఎవరైనా వెళ్ళొచ్చు, ఏ మతమని అడగలేదు. పాపం నాకు సాయం చేసిన పెద్దావిడ స్వచ్ఛంద సేవకురాలు, డెబ్భై దాటి ఉంటాయి. చూడ్డానికి వీల్లేనివి కూడా ఉన్నాయని ఆవిడే చెప్పింది: పవిత్రమైనవి, వ్యక్తిగతమైనవి, గోప్యమైనవి అని మూడు రకాలట. ఏది ఏ రకమో తేల్చేది మాత్రం సంఘమే. ఓరుగల్లోడి అన్న మాట గుర్తొచ్చింది.

ఆవిడే నాకు స్క్రీన్ మీద 1832 లెక్కల పుస్తకం చూపించింది. స్మిత్‌కి కుర్రతనంలో దర్శనం అయిందని అందరూ చెప్పేది 1838లో చెప్పి రాయించిన కథ. 1832లో, కొంత సొంత చేతిరాతతోనే రాసింది ఇంకోటి ఉంది. ఆ పుటల్ని ఎప్పుడో పుస్తకంలోంచి కత్తిరించేసి, తర్వాత టేపుతో మళ్ళీ అతికించారు. ఆ టేపు మచ్చ కూడా స్కాన్‌లో కనిపిస్తోంది. 1965లో బ్రిగమ్ యంగ్‌లో ఒక విద్యార్థి థీసిస్‌లో పెట్టేదాకా బయటి లోకానికి దాని ఊసే లేదు. ఇప్పుడు ఫోన్లో ఎవరైనా చూడొచ్చు.

రాత్రి మా మరదలికి వీడియో కాల్ చేసి అదే పేజీ చూపించా. "ఇది మా సంఘం సైటేనా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత తనే చదివింది, మెల్లగా. "బావగారూ, ఇందులో ప్రభువు ఒక్కరే కనిపించినట్టుంది. మాకు తండ్రీ కుమారుడూ ఇద్దరనే నేర్పారు" అంది. నాకేం చెప్పాలో తెలియలేదు. ఈ తేడాల మీద మీ సంఘమే 2013లో వ్యాసం పెట్టింది, అదీ చదువు అన్నా. సరే అని పెట్టేసింది. కోపమొచ్చిందో లేదో తెలియలేదు.

విశాఖ_ఎల్డర్
కోపం అయ్యుండదు. నాకు ఆ వ్యాసం మొదటిసారి చదివినప్పుడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. ఇప్పటికీ సభ్యుణ్ణే. మీ మరదలికి ఇబ్బంది లేకపోతే నా నంబరు పర్సనల్ మెసేజ్‌లో ఇస్తాను, మా స్టేక్‌లో (కొన్ని స్థానిక సంఘాల సమూహం) ఒక పెద్ద సిస్టర్ ఉన్నారు, ఇలాంటివి ఓపిగ్గా మాట్లాడతారు. హైదరాబాద్‌లో 2012లో మొదటి స్టేక్ పెట్టినప్పటి మనిషి.

పాతకాగితాలు
ఇంకో చిన్న ముక్క, అటువైపు కూడా నలిగారని చెప్పడానికి. బ్రిగమ్ యంగ్‌లో మాక్స్‌వెల్ ఇన్‌స్టిట్యూట్ అని ఉంది. సంఘం మీద విమర్శలకి గట్టిగా జవాబులు రాయడమే వాళ్ళ పనిగా ఉండేది. 2012లో దారి మార్చి, మామూలు విద్యాసంస్థలా మతాధ్యయనం చేద్దామనుకున్నారు. పత్రిక సంపాదకుడు డేనియల్ పీటర్సన్ ఊళ్ళో లేని టైంలో ఈమెయిల్ పంపి తప్పించారు. ఆయన నెలలు తిరక్కుండానే సొంత పత్రిక పెట్టుకున్నాడు. అంటే విశ్వాసాన్ని వెనకేసుకొచ్చేవాడికీ అదే మర్యాద.

ఓరుగల్లోడు
ఈమెయిల్‌ల తీసేసుడా! గిది మాత్రం మా కంపెనీ లెక్కనే ఉన్నది.

నిమ్మకాయసోడా
కనీసం ఆయనకి పత్రిక పెట్టుకునే ఓపికుంది. నేనైతే లింక్డిన్‌లో ఏడ్చేవాణ్ణి.

ఊరకే_చదివేవాడు
మరి ఇంతకీ సుబ్బు గారి ప్రశ్నకి జవాబేంటి? నమ్మొచ్చా, నమ్మకూడదా?

లోగాన్_లక్ష్మి
అచ్చేసిన కాగితాన్ని నమ్మొచ్చు, దాని పక్కన రాసిన ముందుమాటని జాగ్రత్తగా చదవాలి. నేను చేసేది అదే. జాన్ షిప్స్ అని ఒకావిడ, మెథడిస్టు, 1960లో భర్త ఉద్యోగం మూలంగా ఇదే లోగాన్ వచ్చి ఏడాది కూడా ఉండలేదు. జీవితమంతా మోర్మన్ల మీద రాసింది. సంఘంవాళ్ళూ ఆవిడ మాట వినేవారు, వదిలేసినవాళ్ళూ వినేవారు. వెలివేద్దామన్నా వీల్లేదు, అసలు లోపల ఉంటే కదా.

ఓరుగల్లోడు
గోదారక్కా, మీ నాయిన రాసిన ఆ నాలుగు పేజీలు, చేతిరాతది, ఉన్నదా పోయిందా?

గోదారిగట్టు
ఉంది అన్నా. అట్టపెట్టెలో, నాన్న పెన్షన్ కాగితాల కింద. కర్పూరం బిళ్ళలు వేశాను.

ఓరుగల్లోడు
కర్పూరం ఆగదు చెల్లె, వానాకాలంల చెద పడ్తది. ఇయ్యాల్నే ఫోటోలు తియ్యి. రెండు దిక్కుల పెట్టు, ఒకటి నీ తాన, ఒకటి నీ ఇంటోళ్ళు కానోని తాన.

గోదారిగట్టు
నాలుగో పేజీ వెనక కూడా ఏదో రాశారు, ఇన్నాళ్ళూ తిప్పి చూడలేదు. కోశాధికారి ఇంటి అరుగు మీద ఆ రోజు ఎవరెవరు కూర్చున్నారో పేర్లు. నా పేరు కూడా ఉంది.